29 మిల్లీగ్రాముల ఐరన్: ఆ అంకె ఎలా కట్టారో మనమే కట్టి చూద్దాం

మా పై ఫ్లాట్‌లో ఉండే సింధు ఒక ఆదివారం పొద్దున్నే ఫోన్ పట్టుకుని దిగింది. తిన్నవన్నీ రాసుకునే యాప్ ఏదో పెట్టుకుంది. "ఆంటీ, నాకు రోజూ 14 మిల్లీగ్రాముల ఐరన్ తక్కువ పడుతోందట. నెల రోజులుగా ఎర్ర గీతే" అంది. చూస్తే, కావాల్సింది 29 అని ఉంది, ఆ పిల్ల తింటున్నది 15. బాగా టెన్షన్ పడిపోయింది.

నేను ముప్పై ఏళ్లకు పైగా గుంటూరులో ఆడపిల్లలకు హోమ్ సైన్స్ చెప్పి రిటైరయ్యాను. ఆ అంకె చూసి నవ్వేశాను. ఆ 29 సింధుకు కావాల్సిన ఐరన్ కాదు. సింధుకు ఎంత కావాలో యాప్‌కి తెలీదు, నాకు తెలీదు, ఆ అంకె వేసిన శాస్త్రవేత్తలకూ తెలీదు. (నవ్వడం తొందరపాటేనని తర్వాత తేలింది, అది చివర్లో చెబుతాను.)

"కాగితం, పెన్ను తీసుకురా. ఆ 29 ఎక్కడినుంచి వచ్చిందో కడదాం" అన్నాను. ఆ రోజు ఇద్దరం డైనింగ్ టేబుల్ మీద వేసిన లెక్క ఇది. మీరూ ఒక కాగితం పక్కన పెట్టుకోండి. హెచ్చవేత, భాగహారం వస్తే చాలు.

ముందుగా, ఈ అంకెలు ఎవరు వేస్తారు? మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి కింద పనిచేసే జాతీయ పోషకాహార సంస్థ. హైదరాబాద్ తార్నాకలో ఉంది, చాలామంది రోజూ దాని ముందునుంచే ఆఫీసుకు పోతుంటారు. 1918లో నీలగిరుల్లోని కూనూరులో బెరిబెరి జబ్బు సంగతి తేల్చడానికి ఒకే ఒక్క గదిలో మొదలై, 1958లో హైదరాబాద్ వచ్చింది. భారతీయులకు ఏది ఎంత కావాలన్న పట్టిక మొదటిసారి 1944లో వేశారు. తర్వాత ఎన్నోసార్లు మార్చారు. ఇక్కడ నేను వాడేవన్నీ 2020 నివేదికలోని అంకెలు.

దేనికి సరిపోవాలి?

కాగితం మీద మొదట రాయాల్సింది అంకె కాదు, ఒక ప్రశ్న. "ఎంత కావాలి" అనేముందు "దేనికి" అని అడగాలి. జబ్బు రాకుండా ఉండటానికా, ఒంట్లో కాస్త నిల్వ ఉండటానికా, కణాలు పూర్తిగా నిండటానికా? ప్రశ్న మారితే జవాబు ఎన్నో రెట్లు మారుతుంది.

దీనికి విటమిన్ సి కన్నా మంచి ఉదాహరణ లేదు. 1944లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో 20 మంది వాలంటీర్ల మీద ఒక ప్రయోగం మొదలుపెట్టారు. యుద్ధంలో ఆయుధం పట్టబోమని మనస్సాక్షి పేరుతో నిరాకరించినవాళ్లు వాళ్లు. నడిపించింది హాన్స్ క్రెబ్స్, మనం ఇంటర్ బయాలజీలో బట్టీ పట్టిన క్రెబ్స్ సైకిల్ ఆయనదే. 10 మందికి విటమిన్ సి దాదాపు పూర్తిగా ఆపేశారు, 7 మందికి రోజుకు 10 మిల్లీగ్రాములు, ముగ్గురికి 70 ఇచ్చారు. తొడ మీద చిన్న గాయం చేసి అది ఎలా మానుతుందో కూడా చూశారు. నెలలు గడిచాక, ఏమీ ఇవ్వనివాళ్లకు స్కర్వీ వచ్చింది, చిగుళ్లు పాడయ్యాయి. 10 మిల్లీగ్రాములు తిన్నవాళ్లకు ఏమీ కాలేదు. స్కర్వీ వచ్చినవాళ్లకు అదే 10 ఇస్తే నయమైంది కూడా.

అంటే జబ్బు రాకుండా ఉండాలంటే 10 చాలు. కాస్త చేతిలో ఉండనీ అని బ్రిటన్ దాన్ని మూడింతలు చేసి 30 అంది. 1990ల్లో అమెరికాలో మరో ప్రశ్న వేసుకున్నారు: తెల్లరక్తకణాలు విటమిన్ సితో నిండాలంటే ఎంత తినాలి? ఏడుగురు యువకులను నెలల తరబడి ఆసుపత్రిలోనే ఉంచి, 30 నుంచి 2500 మిల్లీగ్రాముల దాకా ఇచ్చి చూశారు. అందులోంచి వచ్చిందే అమెరికా మగవాళ్ల 90. మన పట్టికలో 2010లో పెద్దవాళ్లకు 40 ఉండేది, 2020లో మగవాళ్లకు 80, ఆడవాళ్లకు 65 అయింది. పదేళ్లలో మన ఒళ్లు మారలేదు, మారింది లెక్క కట్టే పద్ధతి. "అప్పుడొకటి చెప్పారు, ఇప్పుడొకటి చెబుతున్నారు" అని విసుక్కునేవాళ్లకు నేను ఈ షెఫీల్డ్ కథే చెబుతాను.

ఐరన్ విషయంలో ప్రశ్న తేలికే: ఒంట్లోంచి రోజూ పోయేదాన్ని పూడ్చాలి.

పోయేదెంత?

ఐరన్‌ను మన ఒళ్లు పిసినారిలా దాచుకుంటుంది. పాత రక్తకణాలు చచ్చిపోతే అందులోని ఐరన్‌ను తీసి మళ్లీ వాడుకుంటుంది. అయినా చర్మం, పేగుల్లోంచి రాలే కణాలతో రోజూ కొంచెం పోతుంది. అది కిలో బరువుకు సుమారు 14 మైక్రోగ్రాములు. మైక్రోగ్రాము అంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతు.

మన పట్టికలో నమూనా స్త్రీ బరువు 55 కిలోలు, నమూనా పురుషుడిది 65. కాగితం మీద వేయండి: 55 ఇంటూ 14, 770 మైక్రోగ్రాములు, అంటే 0.77 మిల్లీగ్రాములు.

ఆడవాళ్లకు దీనిమీద నెలసరి. నెలకోసారి పోయే రక్తంలోని ఐరన్‌ను 28 రోజులకు పంచితే, మధ్యస్థంగా ఉండే ఆడమనిషికి రోజుకు అర మిల్లీగ్రాముకు కాస్త అటూ ఇటూ వస్తుంది. 0.45 అని రాసుకుందాం, ఉజ్జాయింపే. కలిపితే 1.22 మిల్లీగ్రాములు.

"ఇంతేనా? మరి 29 ఎందుకు?" అంది సింధు. అసలు మెలిక ఇక్కడే ఉంది.

ఒంటబట్టేదెంత?

"ఎంత తిన్నా ఒంటబట్టదు" అంటాం కదా, ఐరన్‌కు ఆ మాట అక్షరాలా సరిపోతుంది. అన్నం, పప్పు, ఆకుకూరల్లోని ఐరన్ పేగు దాటి రక్తంలోకి పోయేది చాలా తక్కువ. గింజల్లోని ఫైటేట్లు దాన్ని పట్టేసుకుంటాయి, టీలోని టానిన్లూ అంతే. మన భోజనంలో నూటికి 8 పాళ్లు ఒంటబడుతుందని వేసి చూడండి. 1.22ను 0.08తో భాగిస్తే 15 పైచిలుకు వస్తుంది.

పట్టిక తెరిచి చూపించాను. స్త్రీకి ఐరన్ సగటు అవసరం: 15 మిల్లీగ్రాములు. దీన్నే ఈఏఆర్ అంటారు. సింధు తింటున్నదీ 15. ఆ పిల్ల మొహం కాస్త తేరుకుంది.

మగవాళ్ల అంకె మీరే కట్టండి. 65 ఇంటూ 14, దాన్ని 0.08తో భాగించండి. 11.4 వస్తుంది, పట్టికలో సగటు 11 అని ఉంది.

అమెరికా ఆడవాళ్లకు ఐరన్ సిఫారసు 18 మాత్రమే. మనవాళ్లు అక్కడికి వెళ్లి, ఇక్కడ 29, అక్కడ 18 ఏమిటని అడుగుతుంటారు. వాళ్ల లెక్కలో నూటికి 18 ఒంటబడుతుందని వేశారు, మాంసంతో వచ్చే ఐరన్ సులువుగా ఒంటబడుతుంది కాబట్టి. ఒంట్లోంచి పోయేది అక్కడా ఇక్కడా దాదాపు ఒకటే, మారేది కంచం. డల్లాస్‌లో ఉన్నా ఇంట్లో సాంబారన్నం, పెరుగన్నమే తినేవాళ్లకు ఆ 18 పెద్దగా వర్తించదు.

వంటింట్లో మీ చేతిలో ఉన్న మీట కూడా ఇదే. భోజనంతో నిమ్మకాయ, జామపండు, ఉసిరి లాంటివి ఉంటే ఆ శాతం పెరుగుతుంది. టిఫిన్ తింటూనే టీ తాగితే తగ్గుతుంది. సింధు ఇడ్లీ నోట్లో ఉండగానే టీ గ్లాసు ఎత్తే రకం. గంటో గంటన్నరో ఆగమ్మా అన్నాను.

అందరికీ సరిపడేలా పెంచడం

15 సగటు అన్నాం కదా. అంటే 15 తినే ఆడవాళ్లు వందమంది ఉంటే సుమారు సగం మందికి చాలుతుంది, సగం మందికి చాలదు. దేశం మొత్తానికి సలహా ఇచ్చేవాళ్లు సగం మందిని వదిలేయలేరు కదా. అందుకని నూటికి 97, 98 మంది అవసరం తీరిపోయేంత ఎత్తుకు అంకెను జరుపుతారు. ఆ జరిపిన అంకే ఆర్‌డీఏ. యాప్‌లు చూపించేది, డబ్బాల మీద ఉండేది అదే.

ఎంత జరపాలన్నది మనుషుల మధ్య తేడాను బట్టి ఉంటుంది. ప్రొటీన్‌లో అది చక్కగా కనిపిస్తుంది. ప్రొటీన్‌లో నూటికి 16 పాళ్లు నైట్రోజన్. మనిషికి కొలిచి తిండి పెట్టి, మూత్రం, మలం అంతా పట్టి, లోపలికి పోయిన నైట్రోజన్, బయటికి వచ్చిన నైట్రోజన్ సమానమయ్యేది ఏ మోతాదు దగ్గరో చూస్తారు. విద్యార్థినులకు ఈ పాఠం చెప్పినప్పుడల్లా ముక్కు మూసుకునేవాళ్లు. ఇరవైనాలుగు గంటల మూత్రం ఒక్క చుక్క పోకుండా సీసాలో పట్టడం రోజుల తరబడి చేయాలి మరి. ఇలాంటి 19 పరిశోధనల్లోని 235 మంది లెక్కలు కలిపి చూస్తే, మధ్యలో ఉన్న మనిషికి కిలో బరువుకు 105 మిల్లీగ్రాముల నైట్రోజన్ కావాల్సి వచ్చింది. 100ను ఆ 16తో భాగిస్తే 6.25, దానితో హెచ్చవేస్తే 0.66 గ్రాముల ప్రొటీన్. అది సగటు. మనుషుల మధ్య తేడా కోసం దాన్ని పావు వంతు పెంచితే 0.83. అంతే, అదే ఆర్‌డీఏ.

ఐరన్‌లో ఇంత సాఫీగా కుదరదు. నెలసరిలో పోయే రక్తం ఎక్కువమందికి తక్కువే, కొద్దిమందికి మాత్రం విపరీతంగా ఉంటుంది. ఆ కొద్దిమందిని కూడా కలుపుకోవాలంటే అంకెను బాగా పైకి లాగాలి. 15 కాస్తా 29 అవుతుంది, దాదాపు రెట్టింపు. సింధు యాప్‌లోని ఎర్ర గీత నిజానికి బాగా ఎక్కువ రక్తం పోయే ఆడమనిషిని దృష్టిలో పెట్టుకుని గీసింది.

ఇది నిజమేనా అని సందేహం ఉంటే గర్భిణుల వరుస చూడండి. సగటు అవసరం 15 నుంచి 21కి పెరుగుతుంది, ఆర్‌డీఏ మాత్రం 29 నుంచి 27కి తగ్గుతుంది. క్లాసులో ఇది చూసి "మేడమ్, అచ్చుతప్పు" అనేవాళ్లు ఉంటారు. తప్పు కాదు. నెలసరి ఆగింది కాబట్టి మనిషికీ మనిషికీ మధ్య ఉన్న పెద్ద తేడా పోయింది, అందుకే పెంచాల్సిన మెట్టు చిన్నదైంది.

కేలరీలకు మాత్రం ఈ పెంపు ఉండదు. విటమిన్ సి అవసరానికి మించి తింటే మూత్రంలో పోతుంది, కేలరీలు మించితే నడుము చుట్టూ చేరతాయి. అందుకే కూర్చుని పనిచేసే స్త్రీకి 1660, పురుషుడికి 2110 అన్నవి సగటులే. ఇక ఆర్నెల్లలోపు పసిపిల్లల మీద ఈ ప్రయోగాలు చేయరు. ఆరోగ్యంగా ఎదిగే బిడ్డ తాగే తల్లిపాలలో ఏది ఎంత ఉందో కొలిచి అదే చాలనుకుంటారు.

ఏ అంకెను ఎప్పుడు పట్టుకోవాలి

మీ ఒక్కరి కోసమైతే ఆర్‌డీఏను గురి అనుకోండి, గీటురాయి అనుకోకండి. రోజూ దాని దరిదాపుల్లో తింటే మీకు చాలే అవకాశం చాలా ఎక్కువ. తగ్గితే లోపం ఉన్నట్టు కాదు. సగటుకన్నా కిందికి పోయినప్పుడు అనుమానించాలి. ఒక్కరోజు లెక్క పనికిరాదు, వారం పది రోజుల సగటు చూడండి. హాస్టల్ మెస్‌లో రెండు వందల మందికి వండేవాళ్లు మాత్రం ఎంతమంది సగటు అవసరం కంటే కింద ఉన్నారని చూడాలి.

ప్రొటీన్‌కు మీ లెక్క మీరే వేసుకోండి. సింధు 52 కిలోలు. 0.83తో హెచ్చవేస్తే 43 గ్రాములు. నాలా ఒళ్లు చేసినవాళ్లు త్రాసు చూపించే బరువుతో కాకుండా మీ ఎత్తుకు ఉండాల్సిన బరువుతో వేయండి. పచ్చి బియ్యం 200 గ్రాములంటే 16, కందిపప్పు 50 గ్రాములు 11, పాలూ పెరుగూ కలిపి 400 మిల్లీలీటర్లు 13, వేరుశనగపప్పు ఒక గుప్పెడు, అంటే 30 గ్రాములకు 7. మొత్తం 47. గుడ్డు కూడా తినేవాళ్లకు ఇబ్బందే లేదు. ఆ 0.83 మంచి రకం ప్రొటీన్‌కు వేసిందని గుర్తుంచుకోండి. బియ్యంలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, పప్పులో అది ఎక్కువ, కాబట్టి అన్నంలో పప్పు కలుపుకుంటే ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుంది. అన్నం కొండలా, పప్పు చారులా పలచగా ఉండే కంచంలో మాత్రం కిలోకు ఒక గ్రాము లెక్కన వేసుకోవడం మేలు.

ఇక్కడ సింధు చేసిన పొరపాటు అందరూ చేసేదే. ముద్దపప్పు 100 గ్రాములు తిని, యాప్‌లో "కందిపప్పు 100 గ్రాములు" అని నొక్కింది. అది పచ్చిపప్పు లెక్క, దాదాపు 22 గ్రాముల ప్రొటీన్ చూపించింది. ఉడికిన పప్పులో సగానికి పైగా నీళ్లే కదా, ప్రొటీన్ అందులో సుమారు మూడో వంతే ఉంటుంది. అందుకని వండకముందే కాటా మీద తూచండి, ఇంట్లో ఎంతమంది తింటారో అంతమందికి పంచండి. జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 రకాల ఆహార పదార్థాలను కొలిచి పట్టిక వేసింది, యాప్ అంకె మీద అనుమానం వస్తే దానితో సరిచూసుకోండి.

ప్యాకెట్ వెనక ఉండే శాతం మీ కోసం కట్టింది కాదు. రోజుకు 2000 కేలరీలు, 67 గ్రాముల కొవ్వు, 50 గ్రాముల కలిపిన చక్కెర, 2000 మిల్లీగ్రాముల సోడియం తినే ఊహామనిషి లెక్క అది. ఆ సోడియం అంటే 5 గ్రాముల ఉప్పు. ఆవకాయ వేసుకున్న రోజు ఆ లెక్క జోలికి నేను పోను.

పై గీత

మూడో అంకె ఒకటుంది, యాప్‌లు పెద్దగా చూపించవు: రోజూ దీన్ని దాటకండి అనే పై హద్దు. టీయూఎల్ అంటారు. ఐరన్‌కు 45 మిల్లీగ్రాములు, కాల్షియానికి 2500, విటమిన్ డికి 4000 యూనిట్లు. అన్నం, కూరలతో దీన్ని దాటడం కష్టం, మాత్రలతో చాలా సులువు. మా వదినకు డాక్టర్ వారానికొకటి అని 60,000 యూనిట్ల విటమిన్ డి రాస్తే, మందుల షాపులో కవరు మీద "రోజుకొకటి" అని గీశారు. నెలన్నర అలాగే మింగింది. వాంతులు, మలబద్ధకం, విపరీతమైన దాహం, రక్తంలో కాల్షియం పెరిగిపోయి ఆసుపత్రిలో చేరాల్సి వచ్చింది. రోజుకెంతో భాగించి ఆ హద్దు పక్కన పెట్టి చూసుకునే అలవాటు ఉంటే మొదటి రోజే అనుమానం వచ్చేది. అయితే ఒక మాట: ఈ హద్దు ఆరోగ్యంగా ఉన్నవాళ్లు సొంతంగా తీసుకునేదానికి. గర్భిణులకు ఇచ్చే ఐరన్ మాత్రలో 60 మిల్లీగ్రాములు ఉంటుంది, 45 దాటిందని దాన్ని పారేయకూడదు. అది వైద్యం కిందకు వస్తుంది.

ఇక నా నవ్వు సంగతి. లెక్క అంతా అయ్యాక సింధు హాయిగా పైకి పోబోయింది. మాటవరసకి "నెలసరి మామూలుగానే ఉంటుందా?" అన్నాను. ఏడు రోజులు ఉంటుందట, మొదటి మూడు రోజులు రెండేసి గంటలకోసారి మార్చుకోవాలట. అందరికీ అంతే అనుకుంటోందట ఇన్నాళ్లూ. నాకు చప్పున నోట మాట రాలేదు. ఆ 29 ఎవరి కోసమని గంటసేపు పాఠం చెప్పానో, ఆ మనిషి నా ఎదురుగానే కూర్చుంది. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతుంటే, ముందు ఈ ప్రశ్న అడిగి తర్వాత కాగితం తీయాల్సింది.

రక్తపరీక్ష చేయించింది. హిమోగ్లోబిన్ 12.1, గీత దాటి బయటపడింది. ఫెరిటిన్ మాత్రం 9. పదిహేను కంటే తక్కువ ఉంటే ఒంట్లో ఐరన్ నిల్వలు అడుగంటినట్టే. గైనకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లాను. మాత్రలు రాశారు, ఇంత రక్తం ఎందుకు పోతోందో చూడటానికి స్కానింగ్ కూడా రాశారు. ఇప్పుడు టీ పదకొండు గంటలకు మా ఇంట్లోనే తాగుతోంది. యాప్‌లో ఎర్ర గీత అలాగే ఉందట, మాత్ర సంగతి దానికి చెప్పలేదు.